నూకరత్నమ్మ ఆకలి బదిలీ

నడక ఆసుపత్రిలో చేరిన రోజే, ఇంకా మంచం మీద దుప్పటి కూడా పరవకముందే, నూకరత్నమ్మ ఆకలిని ఆమె కొడుకు సూరిబాబు కడుపులోకి బదిలీ చేశారు. అరవై ఐదేళ్ళు దాటిన వాళ్ళెవరికైనా అక్కడ అదే పద్ధతి. సూది లేదు, నొప్పి లేదు. తల్లి పొట్ట మీద ఒక రబ్బరు ముద్ర, కొడుకు పొట్ట మీద ఒక రబ్బరు ముద్ర. ముద్ర ఆరేదాకా చొక్కా దించకూడదు, అంతే.

కాకినాడ నుంచి సామర్లకోట వెళ్ళే దారిలో ఉంటుందా ఆసుపత్రి. ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళను మళ్ళీ నడిపించి పంపడం దాని పని. ఈ బదిలీ ఊరికే పెట్టింది కాదు. పెద్దవాళ్ళకు తిండి సరిపోతోందా, కండ కరిగిపోతోందా అని కనిపెట్టాలంటే ముందు ఆకలి సంగతి అడగాలి. అడిగి చూశారు. ‘ఆకలేస్తోందా అమ్మా’ అంటే ‘లేదు నాయనా’ అనేవారు. ‘పొద్దున్న ఏం తిన్నారు’ అంటే ‘నా తిండికేం గానీ, నువ్వు తిన్నావా’ అని ఎదురడిగేవారు. కొందరు డాక్టరుగారికి పెళ్ళయిందో లేదో కూడా కనుక్కునేవారు. ఇలాంటి జవాబుల మీద ఏ శాస్త్రం మాత్రం నిలబడుతుంది? అందుకని సూటిగా జవాబు చెప్పేవాళ్ళ కడుపులోనే ఆకలిని ఉంచడం మొదలుపెట్టారు.

నూకరత్నమ్మ కాదనలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. తన కాళ్ళ మీద తాను బాత్రూంకి వెళ్ళిరావాలి. తుంటి విరిగినప్పటి నుంచి కొడుకే ఎత్తుకు తీసుకెళ్ళి, తలుపు దగ్గర మొహం తిప్పుకుని నిలబడుతున్నాడు. అలా తిప్పుకున్న మొహాన్ని చూసినప్పుడల్లా ఆమెకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనయ్యేది. ఆ సిగ్గు తీరితే చాలు, ఇంకేమీ అడగనని ఏ దేవుడికైనా మాటిచ్చేటట్టుంది.

వైద్యం శ్రద్ధగానే సాగింది. రోజూ పొద్దున్న డాక్టరుగారు వచ్చి సూరిబాబు పొట్ట మీద చెయ్యి వేసి చూసేవాడు.

“ఆకలి ఎలా ఉంది?”

“దంచేస్తందండి. నాదొక పక్క, అమ్మదొక పక్క.”

“చాలా మంచిది. పేషెంటుకి గుడ్లు పెంచండి.”

పెంచిన గుడ్లు సూరిబాబే తినేవాడు. తిండిపోతని అతన్ని అనడానికి లేదు, పాపం. తల్లి వంతు గుడ్డు నోట్లో పెట్టుకునే ముందు ప్రతిసారీ “అమ్మా, నీదే” అని చూపించేవాడు. తల్లి బరువు, బలం చూడాలంటే ఆమె ఆకలి ఎక్కడుందో అక్కడే చూడాలి కనుక తూకం మీద అతన్నే ఎక్కించేవారు. పిక్క కండ అతనిదే కొలిచేవారు. పేషెంటు కోలుకుంటున్న తీరు చూసి డైటీషియన్ మురిసిపోయింది.

ఇక్కడ మంచం మీద నూకరత్నమ్మ మాత్రం తగ్గుతూ వచ్చింది. గాజులు మోచేతి దాకా జారాయి, తర్వాత భుజం దాకా పోయాయి. ఎందుకైనా మంచిదని ఒకసారి ఆమె పిక్క కూడా కొలిస్తే టేపు రెండు చుట్లు తిరిగింది. టేపు పాతదై సాగిందని కొత్తది తెప్పించారు. అది మూడు చుట్లు తిరిగింది. సరుకు నాసిరకంగా వస్తోందని స్టోర్సుకి గట్టిగా ఉత్తరం రాశారు. ఫ్యాను వేసినప్పుడు ఆమె ఎగిరిపోకుండా కాళ్ళ మీద ఒక దిండు పెట్టేవారు.

“బాబూ, నా కాళ్ళు ఎటో పోతన్నాయండి,” అంది ఆమె డాక్టరుగారితో.

“కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, పొద్దున్నే కొలిచాం,” అన్నాడాయన, సూరిబాబు కాళ్ళ వైపు చూపిస్తూ.

మధ్యాహ్నాలు కాంటీన్‌లో ఉల్లిపాయలు వేగే వాసన వార్డులోకి వచ్చేది. అది నూకరత్నమ్మ మంచం దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయేది. ఆకలంటే ఎలా ఉండేదో ఆమె గుర్తు చేసుకోబోయేది. దూరపు చుట్టం పేరులా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

చివరికి నడక పరీక్ష జరిగింది. వాకర్ పట్టుకుని సూరిబాబు వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నమ్మ పాసయిందన్నారు, మర్నాడే ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు.

“మరి నేను నడవద్దా అమ్మా?” అని ఆమె సిస్టర్ ఎస్తేరును అడిగింది.

ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. “నడవచ్చండి. వెళ్ళేటప్పుడు కౌంటర్‌లో మీ ఆకలి మీకు ఇప్పించమంటే ఇచ్చేస్తాం. అది ఉంటే తింటారు, తింటే కండ పడతాది, కండుంటే నడుస్తారు. తీసుకోకపోతే ఇంతే.”

ఆ రాత్రంతా నూకరత్నమ్మ ఒకే మాటను వల్లె వేసుకుంది. నా ఆకలి నాకు ఇప్పించండి.

పొద్దున్న సూరిబాబు ఆమెను చంటిపిల్లలా చంకనేసుకుని కౌంటర్ దగ్గరికి తెచ్చాడు. రెండో చేతిలో బజ్జీల పొట్లం ఉంది. ఆ రోజు కౌంటర్‌లో ఎస్తేరే ఉంది.

“వెనక్కి మార్చమంటారా?” అని అడిగింది.

సూరిబాబు నమలడం ఆపాడు. ఆకలి వెనక్కి వెళితే ఇంట్లో అమ్మకు వేరేగా మెత్తగా వండాలి, దగ్గర కూర్చుని పెట్టాలి, తిందో లేదో చూడాలి. అతని పెళ్ళాం ముందురోజే ఫోన్లో ఈ సంగతి గుర్తు చేసింది.

“ఆయ్, అమ్మ ఇష్టమండి,” అని బజ్జీల పొట్లంలోకి చూశాడు.

నూకరత్నమ్మ అడగాలనే అనుకుంది. బాత్రూం తలుపు లోపలి నుంచి తానే గడియ వేసుకుంటున్నట్టు కళ్ళ ముందు కనబడింది కూడా. నోరు తెరిచింది. కొడుకు బుగ్గలో నమలకుండా ఆగిపోయిన బజ్జీ ముద్ద కనిపించింది.

“వాడి దగ్గరే ఉంచెయ్యండమ్మా,” అంది. “తినే వయసు.”

సూరిబాబుకి యాభై మూడేళ్ళు. అతను మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

ఎస్తేరు ఆశ్చర్యపోలేదు. ‘శాశ్వతం’ అని ఉన్న ముద్ర తీసి ఇద్దరి పొట్టల మీదా వేసింది. “మా అమ్మది కూడా నా దగ్గరే ఉందండి,” అని చెప్పి, వెనక నిలబడ్డ వాళ్ళను ముందుకు రమ్మంది.