కదలని కారుకు కొత్త మెదడు

ఇన్ని కోట్ల మంది ఒకేసారి మొరపెట్టుకుంటుంటే దేవుడు ఎవరి మాట ముందు వింటాడు? ఎవరికి ఎంత ఇవ్వాలో అప్పటికప్పుడు ఎలా తేలుస్తాడు? ఈ సందేహం నన్ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. పెద్దల్ని అడిగితే "నమ్మకం ఉండాలోయ్" అన్నారు. నమ్మకం ఉంది. సందేహమూ ఉంది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్లలా రెండూ సర్దుకుపోతూ వచ్చాయి.

చివరికి నా సందేహం తీర్చింది ఎవరో తెలుసా? ఈసీయూ!

కారు ఇంజిన్‌కు మెదడులాంటి కంప్యూటర్ పెట్టె అది. గాలి ఎంత వచ్చింది, వేడి ఎంత ఉంది, డ్రైవరు కాలు ఎంత నొక్కాడు అని నలువైపుల నుంచీ వచ్చే మొరలన్నీ వింటుంది. రెప్ప వాల్చేలోగా ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు మంట రాజేయాలో తేల్చేస్తుంది. అరచేతంత రేకు పెట్టెకే ఇది చేతనైతే దేవుడికి ఓ లెక్కా!

అందుకే బల్లగుద్ది చెబుతున్నాను. ప్రతి గృహస్థుడూ తన కారులో కంపెనీవాడు పెట్టిన పెట్టెను పీకించి, బయట దొరికే పెట్టెల్లో ఒకదాన్ని ఎంచుకునే పనికి పూనుకోవాలి. కొనమనడం లేదు సుమా. ఎంచుకోమంటున్నాను. ఆ రెంటికీ ఎంత దూరమో నాకు ఈమధ్యే తెలిసింది.

మాకు ఒక కారుంది. బుద్ధిమంతురాలు. పుట్టుకతోనే చిన్న టర్బో ఉంది. అంటే ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా ఊదే చక్రమన్నమాట. ఆ ఊపుతోనే మా ఆవిడ వాళ్ల అక్కగారు ఉండే కొండ మీది ఊరికి ఒక్క దగ్గు కూడా దగ్గకుండా ఎక్కేది.

మాకు ఒక అల్లుడుగారు కూడా ఉన్నారు. ఆయనా బుద్ధిమంతుడే. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. ఊళ్లో వాళ్ల కార్లు చెడిపోతే నష్టం అంచనా వేయడం ఆయన ఉద్యోగం. మా కారు ఆయన సరదా.

"మామయ్యగారూ, ఈ బండిలో చాలా సత్తువ నిద్రపోతోందండీ" అన్నారు ఒక ఆదివారం.

నిద్రపోయేవాళ్లను లేపడం నాకు ఇష్టం ఉండదు. కానీ అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనే మామగారు ఈ భూమి మీద ఉన్నారా? "మీ ఇష్టం బాబూ" అన్నాను. ఆ రెండు మాటలతో మా కారు చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీదికెక్కింది.

పెద్ద టర్బో వచ్చింది. దాన్ని తట్టుకోవడానికి, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు వచ్చాయి. ఇక పాత పెట్టె బిక్కమొహం వేసింది. దానికి కంపెనీవాళ్లు నేర్పిన లెక్క ఒకటి, ఇప్పుడు మీద పడుతున్న గాలి ఇంకొకటి. ఆ లెక్కతోనే నడిపితే ఇంజిన్ మాడి మసైపోతుందట. "కొత్త పెట్టె పెట్టేదాకా తాళం తిప్పకండి మామయ్యగారూ" అని అల్లుడుగారు తాళం చెవి తనతో తీసుకెళ్లారు.

పాఠకులారా, అక్కడి నుంచి మా ఇంటికి పట్టిన అదృష్టం వినండి.

మొదటి లాభం, వినయం. మార్కెట్లో ఎర్ర పెట్టె ఉంది. పాత ప్లగ్గులోనే చక్కగా కూర్చుంటుంది. కానీ దాన్ని మచ్చిక చేసుకుని కొత్త లెక్క నేర్పగల మెకానిక్, అదే ట్యూనర్, మా ఊళ్లో లేడు. నల్ల పెట్టె ఉంది. దానికి ట్యూనర్ ఉన్నాడు. కానీ కారులో వైర్లన్నీ పీకి మళ్లీ అల్లాలి. పెట్టె కుదిరితే మనిషి కుదరడు, మనిషి కుదిరితే వైర్లు కుదరవు. కూతురికి సంబంధం చూసినప్పుడు కూడా నేనింత తిరగలేదు. అప్పుడు జీతం అడిగాం, అలవాట్లు అడిగాం, ఊరుకున్నాం. లోపల ఎన్ని ఇంజెక్టర్లు మారతాయో అడగాలని ఎవరికి తోచింది!

రెండో లాభం, ధర్మచింతన. నీలం పెట్టె ఒకటుంది, చిన్నది, చవక. అది పాత పెట్టెను పీకదు. దాని పక్కనే కూర్చుని, వచ్చే కబుర్లను మధ్యలో పట్టుకుని, కాస్త మార్చి చెబుతుంది. గాలి ఎక్కువొచ్చినా "ఏం లేదు, మామూలే" అని నచ్చజెబుతుంది.

"అంటే అబద్ధం చెబుతుందన్నమాట" అన్నాను.

"అబద్ధం అనకూడదండీ, సర్దుబాటు" అన్నారు అల్లుడుగారు.

రోజూ ప్రార్థన చేసుకునే ఇల్లు మాది. బొంకే వస్తువును బానెట్ కింద పెట్టుకోవచ్చా? ఇంజిన్ బాగు కోసం ఆడిన అబద్ధం పాపమవుతుందా? ఆ పాపం పెట్టెదా, కొన్నవాడిదా? వారం రోజులు ఆలోచించాను. ప్రవచనాలు వింటే రాని తాత్విక దృష్టి బ్రేక్ ఆయిల్ మరకల మధ్య నిలబడితే వచ్చింది!

మూడో లాభం, సత్సంగం. ఈ పెట్టెల గురించి ఆన్‌లైన్‌లో పెద్ద సంఘమే ఉంది. అల్లుడుగారు ఒక ప్రశ్న వేస్తే చాలు, లోకం నలుమూలల నుంచీ ముక్కూమొహం తెలియని మనుషులు లేచి వచ్చి జవాబిస్తారు. ఎర్ర పెట్టె కొంటే నీ ఖర్మ అని ఒకడు, నల్ల పెట్టె కొంటే నీ వంశమే వర్ధిల్లదని ఇంకొకడు. అందరికీ అన్నీ తెలుసు. ఫొటోల్లో మాత్రం అందరి కార్లూ స్టాండ్ల మీదే ఉంటాయి. ఎంత ఐకమత్యం!

ఇక ఆ పెట్టెల విద్యలు! నల్ల పెట్టెకు 'లాంచ్ కంట్రోల్' అని ఒకటుంది. నిలబడి ఉన్న కారును బాణంలా దూసుకుపోయేలా చేస్తుందట. మా కారు నిలబడడంలో ఆరితేరింది కాబట్టి సగం పని అయిపోయినట్టే కదా అన్నాను. అల్లుడుగారు నవ్వలేదు. రాసుకున్నారు.

ఇలా ఏడాది కావస్తుండగా, ఇంత భాగ్యం మధ్య ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. మా ఆవిడ వాళ్ల అక్కగారు, అంటే మా వదినగారు, బాత్రూంలో జారిపడ్డారు. భుజం విరిగింది. కుడిచేయి మెడకు వేలాడదీసి కట్టుకట్టారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, ఒంటరి మనిషి. పక్కింటివాళ్లు వచ్చి ఇంత వండి పెట్టిపోతున్నారు. మా ఆవిడకు అక్క దగ్గరికి పోయి నాలుగు రోజులు ఉండి రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. అక్కాచెల్లెళ్లకు ఒకరికొకరు తప్ప పుట్టింటివాళ్లెవరూ మిగల్లేదు.

"బస్సులో పోదామండీ" అంది.

ఆ మాట చెవిన పడగానే అల్లుడుగారి మొహం చిన్నబోయింది. "అత్తయ్యగారూ, ఇంట్లో కారు పెట్టుకుని మీరు బస్సెక్కితే నాకెంత తలవంపులండీ! ఒక్క వారం ఆగండి. మీ అక్కగారి గుమ్మంలో నేనే దింపుతాను."

అల్లుడు అంతగా బతిమాలితే ఎక్కడి అత్తగారు కాదంటుంది? ఆగింది. ఇంకో వారం ఆగింది. టాక్సీ అన్నా అదే చిన్నబోయిన మొహం. ప్రతి సాయంత్రం వదినగారు ఫోన్ చేసేవారు.

"ఏమే, బయల్దేరారా?"

"పెట్టె ఎంచుకుంటున్నారక్కా."

"ఇన్నాళ్లా? ఎన్ని చీరలు పెట్టుకొస్తావే?"

మా ఆవిడ ఫోన్ పెట్టేసి నవ్వేది. నవ్విన తర్వాత గ్యారేజీ వైపు చూసేది. ఆ చూపులో లాంచ్ కంట్రోల్ ఉందని నాకు అర్థమైంది గానీ, పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మా అమ్మాయి ఒక్కతే మొహమాటం లేకుండా మాట్లాడింది. "ఏంటి నాన్నా ఇది? ఆయనకి నువ్వు చెప్పు, లేకపోతే నేను చెప్తా."

"భార్యాభర్తల మధ్య గొడవలెందుకమ్మా? దేవుడికి వదిలేద్దాం" అన్నాను.

నిజంగానే వదిలేశాను. ఆదివారం ప్రార్థన అయ్యాక మూడు చీటీల మీద మూడు పెట్టెల పేర్లు రాసి స్టీలు గిన్నెలో వేశాను. ఏది వస్తే అది ఖాయం, మారు మాట లేదు అనుకున్నాం. అల్లుడుగారు కళ్లు మూసుకుని తీశారు. ఎర్ర పెట్టె!

"బ్రహ్మాండం" అన్నాను.

"బాగానే ఉంది కానీ మామయ్యగారూ, దీనికి వచ్చే నెల కొత్త మోడల్ వస్తోందట. దేవుడు ఆ సంగతి... ఇంకొక్కసారి తీద్దామా?"

తీశారు. నల్ల పెట్టె. దాని ట్యూనర్ కాలు బెణికి మంచం మీద ఉన్నాడట. ఇంకోసారి తీశారు. నీలం. "మీకు అబద్ధం నచ్చదు కదండీ" అన్నారు నా మీద గౌరవంతో. దేవుడి తీర్పు మీద ఒకే పూటలో ఇన్ని అప్పీళ్లు నేనెన్నడూ చూడలేదు.

తర్వాతి ఆదివారం మా ఆవిడ కొంగు దోపుకుని వచ్చింది. "ఈసారి చీటీలు నేను రాస్తాను. మీ చేతిరాత దేవుడికి కూడా అర్థమవుతున్నట్టు లేదు" అంది.

రాసింది, మడిచింది, గిన్నె గలగలా ఊపింది. అల్లుడుగారు ఒకటి తీసి విప్పారు.

"ఏ పెట్టె అల్లుడుగారూ?"

చీటీ నా వైపు తిప్పారు. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో 'బస్సు' అని ఉంది.

"ఇదేదో పొరపాటున పడినట్టుంది" అన్నారాయన. "ఇంకోటి తీయనా అత్తయ్యగారూ?"

"అయ్యో, తీయండి బాబూ. మీకు అలవాటేగా."

తీశారు. బస్సు. మూడోది తీశారు. అదీ బస్సే!

"మూడుసార్లు అడిగినా అదే మాట మీదున్నాడంటే దేవుడు గట్టిగానే చెబుతున్నాడన్నమాట" అంది మా ఆవిడ గిన్నె బోర్లిస్తూ. తలుపు దగ్గర నిలబడ్డ మా అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

దేవుడి ముందు దొంగ చీటీలా అని నాలోని భక్తుడు గుండెలు బాదుకున్నాడు. నాలోని భర్త మాత్రం చప్పుడు చేయకుండా వెళ్లి చొక్కా తొడుక్కున్నాడు. ఆ రోజు దేవుడు ఎవరి పక్షమో తేల్చేంత చదువు నాకు లేదు.

అల్లుడుగారు ఆ మూడు చీటీలూ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. చివరికి వంగి మా ఆవిడ బ్యాగు ఎత్తుకున్నారు. "నేనూ వస్తానండీ. గుమ్మంలో దింపుతానన్నాను కదా" అన్నారు.

ఆయన్ని నేను అంతకుముందు ఇష్టపడలేదని కాదు. ఆ క్షణం నుంచి ఇంకాస్త ఇష్టపడుతున్నాను.

బస్సు పాతది. సీట్లు చిరిగాయి. కిటికీ అద్దం ఎక్కదు, దిగదు. అయినా కొండ దగ్గరికి రాగానే డ్రైవరు గేరు మార్చాడు. ఇంజిన్ లోంచి సన్నగా ఈలలాంటి చప్పుడు లేచింది. అల్లుడుగారు చెవులు రిక్కించారు.

"మామయ్యగారూ! దీనికీ టర్బో ఉందండీ!"

"అలాగా! మరి ఏ పెట్టె పెట్టించారో కనుక్కోండి. ఎరుపా, నలుపా?"

ఆయన కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ ఈలనే విన్నారు.

"కంపెనీవాళ్లు పెట్టిందేనండీ" అన్నారు మెల్లగా. "ఎవరూ ముట్టుకున్నట్టు లేరు."

ఆ ఆన్‌లైన్ సంఘంలో ఎక్కడా కనబడని రివ్యూ అది. ఎంచుకునే పనిలో ఉన్న వినయం, ధర్మచింతన, సత్సంగం, అన్నీ నిజమే! ఒక్క మాట మాత్రం పైన చెప్పడం మరిచాను. మా కారు బాగానే పోయేది. దాన్ని ఇంకా బాగా పోయేలా చేద్దామని బయల్దేరి, గుమ్మం దాటకుండా చేశాం. ఎంత వేగంగా పోవాలో తేల్చడంలో ఏడాది గడిచింది. ఎవరి దగ్గరికి పోవాలో అడిగింది మా ఆవిడ ఒక్కతే. కాబట్టి ఈ అదృష్టం మీకూ కలగాలని మనసారా కోరుకుంటున్నాను. ఒకటే షరతు, మీ ఇంటి దగ్గర బస్టాపు ఉండాలి.

కొండ మీద గుమ్మంలోనే వదినగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం మరిదిగారూ, పెట్టె దొరికిందా?"

"దొరకలేదు వదినగారూ, మనుషులమే వచ్చాం."

"నయమే, పెట్టెను పంపి మీరు ఆగిపోలేదు."

ఆవిడ జుట్టు చూసి మా ఆవిడ మొహం మారిపోయింది. ఒంటి చేత్తో దువ్వుకోలేక అలాగే ముడేసుకున్నారు. ఎక్కడికక్కడ చిక్కులు పడి ఉంది. "కత్తిరించేయమన్నానే, పక్కింటమ్మాయికి చేతులు రాలేదు" అన్నారు.

మా ఆవిడ చెప్పులు విప్పి, చేయి కూడా కడుక్కోకుండా లోపలికి పోయి దువ్వెన తెచ్చింది. అక్క వెనక స్టూలు వేసుకుంది. చివర్ల నుంచి ఒక్కో చిక్కూ తీయడం మొదలుపెట్టింది. అల్లుడుగారు వైర్ల చిక్కులు తీసే మనిషి కదా, కళ్లార్పకుండా చూస్తున్నారు.

"స్కూలుకు పోయే రోజుల్లో అక్క నాకు రోజూ జడలు వేసేదండీ" అంది మా ఆవిడ నాతో. "సెలవు రోజు నాకూ వెయ్యవే అని కూర్చునేది. రేపు వేస్తానని తుర్రుమనేదాన్ని."

"ఆ రేపు కోసం ఎన్నేళ్లు కూర్చున్నానో చూశారా?" అన్నారు వదినగారు.

ఒక జడ అల్లి చివర కట్టబోయింది మా ఆవిడ. వదినగారు ఎడమచేత్తో వెనక్కి తడిమి చూసుకున్నారు.

"ఇదేంటే, ఒకటేనా? నీకు నేను రెండు వేసేదాన్ని."

"ఈ వయసులో రెండు జడలేంటక్కా, ఎవరైనా చూస్తే నవ్వుతారు!"

"నవ్వనీ. లెక్క లెక్కే."

మా ఆవిడ జడ మళ్లీ విప్పింది. పాపిడి తీస్తుంటే ఆమె కళ్లలోంచి రెండు చుక్కలు అక్క నెరిసిన జుట్టులో పడ్డాయి. రెండు జడలూ అల్లింది. అద్దం తెచ్చి ముందు పెట్టింది.

వదినగారు అటు ఒకసారి, ఇటు ఒకసారి తల తిప్పి చూసుకున్నారు.

"పాపిడి వంకరగా ఉంది" అన్నారు. "పోనీలే. నీ బాకీ తీరిందిపో!"