జయరావు అడ్జస్ట్ కాడు

పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి చిత్తూరు చేరాలి. టీచర్ల బదిలీల కౌన్సెలింగులో పేరు పిలిచేసరికి ప్రసన్నకుమారి అక్కడ ఉండాలి. వడమాలపేట బడి కోరుకోవాలి. జయరావు వేసిన పథకం ఇంతే. వడమాలపేట అయితే పెళ్లాం రోజూ సాయంత్రానికి తిరుపతిలో ఇంట్లో ఉంటుంది. పలమనేరు పక్క పడిందంటే అక్కడే గది తీసుకోవాలి, ఆదివారాలే మొగుడి మొహం చూడాలి. జయరావుకు కాఫీ కాచుకోవడం కూడా రాదు.

తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాలు చెప్పి రారు. ఆ తెల్లవారుజామున ప్రసన్నకుమారి చిన్నాయన గోవిందస్వామి ఇంటిల్లిపాదితో దిగాడు. కొండెక్కే ముందు అందరూ తలకు పోసుకోవాలట.

"పిల్లోళ్లు నీళ్లు పోసుకునేదాకా రొంత అడ్జస్ట్ చేసుకో అల్లుడా" అన్నాడు.

ఆ మాట వింటే జయరావుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పాలల్లో నీళ్లా, అడ్జస్ట్ చేసుకో. టైలరు చొక్కా బిగుతుగా కుట్టాడా, అడ్జస్ట్ చేసుకో. కొట్టువాడి దగ్గర చిల్లర లేదా, చాక్లెట్టు తీసుకుని అడ్జస్ట్ చేసుకో. కరెంటు పోయినా, కుళాయి రాకపోయినా, పెళ్లిలో రెండో పంక్తికి అప్పడాలు అయిపోయినా అదే మాట. తప్పు చేసినవాడు హాయిగా ఉంటాడు, సిగ్గుపడాల్సింది మనం. ఇంగ్లీషువాడు దేశం వదిలిపోతూ ఈ ఒక్క మాటను ఇక్కడెందుకు పారేసి పోయాడో గానీ, వాడు దొరికితే చెంప పగలగొట్టాలి.

జయరావు స్నానాల గదికి అడ్డం నిలబడి న్యాయం మాట్లాడాడు. అతను అక్కడ అరుస్తుంటే వాళ్లు పెరట్లో తొట్టి దగ్గరే ఒకరి తర్వాత ఒకరు నీళ్లు పోసుకున్నారు. తొట్టి అడుగు కనబడింది. ప్రసన్నకుమారి పక్కింటి నుంచి బిందెడు నీళ్లు తెచ్చి మొగుడికిచ్చి, తాను మొహం మాత్రం కడుక్కుని చీర మార్చుకుంది. మొదటి బస్సు పోయింది.

రెండో బస్సులో కండక్టరు ముగ్గురి సీట్లో నాలుగోవాణ్ణి ఇరికిస్తూ అడ్జస్ట్ కమ్మన్నాడు. ముగ్గురి సీటంటే ముగ్గురేనని, ఈ దేశం పాడైంది ఇట్లాంటి వాళ్ల వల్లేనని జయరావు బస్సంతా వినేట్టు చెప్పాడు. కండక్టరు చంద్రగిరిలో విజిల్ వేసి దింపేశాడు. దింపింది జయరావునే. ప్రసన్నకుమారి తనే దిగింది.

అక్కడ జీపు దొరికింది. డ్రైవరు ఎవరిదో టమోటాల గంప తెచ్చి జయరావు ఒళ్లో పెట్టి, కాస్త దూరం అడ్జస్ట్ చేసుకోమన్నాడు. జయరావు గంపను విసురుగా నెట్టాడు. ఆ జీపుకు వెనక తలుపు లేదు. టమోటాలు రోడ్డంతా దొర్లాయి. గంప తాలూకు మనిషి తిరుమలమ్మ ముందు సీట్లోంచి దిగొచ్చి బండికి అడ్డంగా కూర్చుంది. ఒక్క కాయ తగ్గినా జీపు కదలదని తేల్చి చెప్పింది. ప్రసన్నకుమారి కొంగులోకి టమోటాలు ఏరుతుంటే, జయరావు నీడన నిలబడి గంప ఒళ్లో పెట్టడం ఏ చట్టంలో ఉందని డ్రైవరును నిలదీస్తున్నాడు.

చిత్తూరు చేరేసరికి ఆమె పేరు పిలవడం అయిపోయింది. చివర్లో మళ్లీ పిలుస్తామని, అందాకా అడ్జస్ట్ చేసుకోమని అధికారి అన్నాడు. జయరావు నోరు తెరిచాడు. ప్రసన్నకుమారి అతని చెయ్యి పట్టి లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది.

పొద్దు వాలాక పిలిచారు. వడమాలపేట కోరుకున్న ఎవరో మనసు మార్చుకున్నారట, ఖాళీ అట్లానే ఉంది. తాను గట్టిగా నిలబడబట్టే పనులవుతాయని జయరావు ఆమె చెవిలో గొణిగాడు.

"పలమనేరు సార్" అంది ప్రసన్నకుమారి.

అధికారి నమ్మలేక మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పి సంతకం పెట్టి బయటికి నడిచింది. జయరావు వెనకాలే పరిగెత్తాడు.

"నీకేమన్నా పిచ్చా? వడమాలపేట ఉండాదని చెప్పినాడు గదా."

ఆమె వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం అతను చూసి ఎరగడు.

"మీరు ఎవురికీ అడ్జస్ట్ కారు. మీ బదులు అయ్యేది ఎవురు? నీళ్లు నేను మోసినాను. బస్సు నేను దిగినాను. టమోటాలు నేను ఏరినాను. ఈ పొద్దే కాదు, పెండ్లయినప్పట్నించీ ఇంతే. నాకు ఒళ్లు మండిపోతా ఉండాది. ఇంక నా వల్ల కాదు."

పలమనేరులో చలి ఎక్కువ కదా అన్నాడు జయరావు.

ప్రసన్నకుమారి శాలువా కొనుక్కోవడానికి బజారు వైపు నడిచింది.