పెద్దాయన మాత్ర

ఆ రోజు పొద్దున ప్రూఫ్ రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి పెద్దాయనకి కొత్త మాత్ర వేయాలి, తన బీపీ మాత్ర తాను మింగాలి, తొమ్మిదింటికల్లా ప్రెస్సులో ఉండాలి.

పెద్దాయన అంటే ఆ ఇంటి కుక్క. పదమూడేళ్లు, తెల్లబడ్డ మీసాలు, మూత్రాశయంలో క్యాన్సర్ కణితి. నయం చేయలేమని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. చేయగలిగిందల్లా వాపూ నొప్పీ తగ్గించి, మిగిలిన రోజుల్ని హాయిగా గడపనివ్వడం. అందుకు రెండు రకాల మందులున్నాయి. ఇన్నాళ్లూ వాడింది స్టెరాయిడ్. రెండోది స్టెరాయిడ్ కాని నొప్పి మాత్ర. ఈ కణితికి అదే మేలనీ, రక్త పరీక్షలో కిడ్నీలు కూడా బాగానే ఉన్నాయనీ ఆవిడ తేల్చింది.

"కానీ రెండూ కలిపి మాత్రం వేయకండి. పొట్టలో పుండ్లు పడతాయి, రక్తం పోతుంది. పాతది ఆపి, వారం ఆగి, కొత్తది మొదలుపెట్టండి."

పాతికేళ్లుగా పరుల తప్పులు పట్టి బతుకుతున్న మనిషి కాబట్టి, తాను తప్పు చేయగలనన్న ఊహ ప్రూఫ్ రీడరుకి ఎప్పుడూ రాలేదు. ఎర్ర సిరాతో పట్టిక గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. "నాకు తెలియకుండా ఎవరూ మందుల జోలికి వెళ్లొద్దు" అని భార్యతో అన్నాడు. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే.

"మహాప్రభో, మీరే చూసుకోండి" అంది ఆవిడ.

ఆ వారం నిన్నటితో గడిచింది. ఏడున్నరకి మాంసం ముక్కలో దాచిన కొత్త మాత్రని పెద్దాయన గుటుక్కున మింగాడు. తన మాత్ర తానూ మింగి, పట్టికలో టిక్కు పెట్టబోతూ ప్రూఫ్ రీడరు బల్ల మీదున్న పాత స్టెరాయిడ్ షీటు వంక చూశాడు. నిన్న ఆరు మాత్రలుండాలి. ఇవాళ అయిదే ఉన్నాయి.

వెంటనే భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ డ్రైవింగ్ నేర్పుతుంది, అప్పటికే పనిలో ఉంది.

"పొద్దున మందు గానీ వేశావా?"

"ఆరింటికే వేశాను."

"ఎందుకు వేశావు?"

"వారం నుంచి మీరు పట్టించుకోవట్లేదుగా. ఇప్పుడు మాట్లాడలేను, పిల్ల బండి రివర్స్ చేస్తోంది." ఫోన్ పెట్టేసింది.

అతను గేటు దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు. చెమటలు పట్టి ఉన్న అతన్ని గోడ మీదుగా చూసిన పక్కింటి పిన్నిగారు ఏమైందని అడిగింది. ఆవిడకి కాస్త చెవుడు.

"మందు వికటిస్తుంది పిన్నిగారూ. నా చేతులతో నేనే."

పిన్నిగారు ఇంకేమీ అడగలేదు. తన ఇంట్లో మూల పడి ఉన్న చక్రాల కుర్చీని తోసుకొచ్చి గేటు దగ్గర పెట్టి, లోపలికెళ్లి అతని భార్యకి ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ ఆయన ఏదో మందు మింగాట్ట. ఉన్నపళంగా రా."

ఆ కుర్చీలో తనని కూర్చోబెట్టాలనుకున్నారని అతనికి తట్టనే లేదు. పెద్దాయనని ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి పరుగు తీశాడు. దిగుడులో కుర్చీయే అతన్ని లాక్కుపోయింది. ఒక చెప్పు దారిలో ఉండిపోయింది. పెద్దాయన మాత్రం తనిఖీకి వచ్చిన పై అధికారిలా అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు.

"క్షమించరా. పట్టికలు గీశాను గానీ నిన్ను చూసుకోలేకపోయాను" అని అతను దారి పొడుగునా గొణిగాడు. భార్య ఫోన్ చేస్తే, "డాక్టరమ్మ దగ్గరికే పోతున్నా, వచ్చేయ్" అని మాత్రం అనగలిగాడు.

డాక్టరమ్మ చిగుళ్లు చూసింది, పొట్ట నొక్కి చూసింది. ఇంతలో వాకిట్లో కారు కీచుమంటూ ఆగింది. దాన్ని నడిపింది నేర్చుకుంటున్న పిల్లే. తొలిసారి పెద్ద రోడ్డెక్కి, స్టీరింగు వదల్లేక అలాగే ఉండిపోయింది. భార్య లోపలికొచ్చి భర్త మొహం తడిమి చూసింది.

"మీరు బాగానే ఉన్నారా?"

"నాకేమైంది? స్టెరాయిడ్ వేశానన్నావుగా."

"నేను వేసింది గులాబీ మొక్కలకి, పురుగు పట్టిందని."

"మరి షీటులో ఒక మాత్ర తగ్గిందే?" అన్నాడతను. భార్య ఎదురడిగింది. "బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఆ. బల్ల మీద తెల్లది."

"మీ బీపీ మాత్ర గులాబీ రంగు కదండీ."

డాక్టరమ్మ స్టెతస్కోపు సర్దుకుంది. "ఒక్క స్టెరాయిడ్ మాత్రకి మీకు ఏమీ కాదు, ఆకలి కూడా పెరగదు. కానీ మీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. ఇక పెద్దాయన సంగతి. ఆయన కులాసాగా ఉన్నాడు. రేపటి నుంచి మందు అమ్మగారు వేస్తారు. మీరు రోజూ మూడే సంగతులు చూడండి. తిన్నాడా, నొప్పి లేకుండా పడుకున్నాడా, మిమ్మల్ని చూసి లేచాడా."

ప్రూఫ్ రీడరు కిందికి చూశాడు. పెద్దాయన లేచి, చెప్పు లేని అతని పాదాన్ని నాకుతున్నాడు.

ఆ పొద్దున జరిగిందాన్ని ఒక్క ముక్కలో సరిగ్గా చెప్పింది పిన్నిగారేనని ఇంటికెళ్తుండగా భార్య తేల్చింది. మధ్యాహ్నం ప్రూఫ్ రీడరు రెండు సార్లు భోంచేసి, అదంతా స్టెరాయిడ్ ప్రభావమని ప్రెస్సుకి సెలవు చీటీ రాసి పంపాడు.