పులిగారి ఆవలింతకు కట్టిన తీగలు

పిల్లలూ, రేపు ఏ కొత్త విద్య పైకొస్తుందో ఇవాళే ఎలా పసిగట్టాలి? తెలియదా? చిక్కుడుకాయల పని కాస్త ఆపి చెబుతాను, వినండి.

ఒక పెద్ద అడవిలో ఎవరు ఏ ఉపాయం కనిపెట్టినా మోదుగాకు మీద రాసి కచేరీలో ఇవ్వాలి. ఏ పాత ఉపాయం చూసి అది తట్టిందో, ఆ పాత ఆకుకు తన ఆకు నుంచి ఒక తీగ కట్టాలి. కచేరీ అధికారి కొండముచ్చు ఆ తీగలు లెక్కపెట్టేది.

“ఏ ఆకుకు తీగలు గబగబా పెరుగుతాయో, రేపటి విద్య అదే,” అనేది. మాటలో తప్పేమీ లేదు, గుర్తుంచుకోండి.

అడవిలో ఎత్తయిన చోటు ఒక్క మిట్టే. గెలిచిన విద్యకు ఆ మిట్ట ఇస్తారు. ఎవరి విద్య గెలిస్తే వారే దాన్ని అందరికీ చేసిపెట్టాలి, అదీ షరతు.

పందికొక్కు తల్లి నీళ్లెక్కని బొరియ కనిపెట్టింది. పల్లంలో నలుగురు పిల్లలు. వానలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. మిట్ట మీద తవ్వకపోతే పిల్లలు దక్కరు.

“నీ ఆకుకు ఒక్క తీగా లేదమ్మా,” అంది కొండముచ్చు. “పులిగారి ఆకుకు మూడొందలు.”

“పులిగారు ఏం కనిపెట్టారు సారూ?”

“ఆవలింత.”

పులి ఆకును వదిలేసి పక్క ఆకుకు తీగ కట్టే గుండె ఎవరికుంది చెప్పండి? తమ వరస నడక కూడా పులిగారి ఆవలింత చూసి నేర్చిందేనని చీమలు రాసిచ్చాయి. మిట్ట ఆవలింతల శిక్షణకు పోయింది. కుందేళ్లు, ముళ్లపందులు పొద్దున్నే వెళ్లి నోళ్లు తెరిచి కూర్చునేవి. పులి ముందు కూర్చుని చేసి చూపేది.

పందికొక్కు తల్లి రెండు రోజులు ఆలోచించి మళ్లీ వచ్చింది.

“బొరియ కూడా ఆవలింతే సారూ. నేల నోరు తెరుస్తుంది, అంతేగా.”

“ఆ మాట ముందే చెప్పొద్దూ,” అని కొండముచ్చు తనే తీగ కట్టి, ముద్ర కొట్టింది. మూడొందల ఒకటి.

ఇక బొరియా ఆవలింత లెక్కే కనుక, తల్లి మిట్ట మీదే పగలనక రాత్రనక తవ్వి పిల్లల్ని అందులో చేర్చింది. వాన పడింది. తెరిచిన నోళ్లలోకి నీళ్లు పోయి, శిక్షణ మొత్తం దగ్గుకుంటూ బొరియలో దూరింది. బయట నిలబడి తడిసింది పులి ఒక్కటే.

వాన వెలిశాక పులికి సన్మానం. “బొరియ ఆవలింతకు కొమ్మ. కాబట్టి దాన్ని కనిపెట్టింది ఏలినవారే,” అని కొండముచ్చు దండ వేసింది.

పందికొక్కు తల్లి వినయంగా లేచింది. “అలాగే సారూ. మరి షరతు ప్రకారం వచ్చే వానలకు అడవికంతా బొరియలు ఏలినవారే తవ్విపెట్టాలి కదా.”

పులి తన గోళ్ల వైపు చూసుకుంది. తరవాత కొండముచ్చు వైపు చూసింది.

కొండముచ్చు ఇంకా తవ్వుతూనే ఉంది. పందికొక్కు తల్లి అప్పుడప్పుడు వెళ్లి, “ఇంకాస్త లోతు సారూ,” అని చెప్పొస్తుంది.

నీతి: మీ ఉపాయానికి పేరు పెద్దవారికే ఇచ్చేయండి, పని కూడా దాని వెనకే వెళ్తుంది.

ఇక లేవండి. సగం చిక్కుళ్లకు ఈనెలు తీయాల్సి ఉంది, నేను పోతున్నా.