ఎదురింటాయన మీద పందెం

ఆ సోమవారం పొద్దున్న మిల్టన్ రాడ్కీ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగుతూ పందేల మార్కెట్‌లో నాలుగు అంకెలు చూడడం, వాటిని ఐదు వందల మాటల్లో సర్ది మధ్యాహ్నం భోజనం లోపు 'గాలివాటం' శీర్షిక ముగించడం. విస్కాన్సిన్ గవర్నరు పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నిక మూడు వారాల్లోకి వచ్చేసింది. ఆష్‌బీ క్రీక్ ఊరి వారపత్రికకు ఇరవై రెండేళ్ళుగా సంపాదకుడూ, విలేఖరీ, ప్రూఫులు దిద్దేవాడూ అన్నీ మిల్టనే.

నాలుగేళ్ళ కిందట ఇదే శీర్షిక కోసం అతను మంగలి షాపులో కూర్చుని, వచ్చినవాళ్ళనల్లా అడిగి, ఫలానా ఆయనే గెలుస్తాడని పెద్దక్షరాలతో వేశాడు. ఆ ఫలానా ఆయన నాలుగో స్థానంలో వచ్చాడు. అది మొదలు ఊళ్ళోవాళ్ళు బయటికి వెళ్ళేముందు "ఇవాళ వాన పడదంటావా, మిల్టన్?" అని అడిగి, పడదంటే గొడుగు తీసుకునేవారు. ఈసారి ఆ పరువు తక్కువ వద్దనుకున్నాడు. మార్కెట్‌కి మొహమాటాలు ఉండవు కదా. గెలిస్తే ఒక డాలరు ఇచ్చే చీటీ ఇవాళ డెబ్భై సెంట్లకు అమ్ముడుపోతోందంటే ఆ మనిషి గెలవడానికి నూటికి డెబ్భై పాళ్ళు అవకాశం ఉన్నట్టు. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదా అని కూడా అనుకున్నాడు.

పట్టికలో ఐదు పేర్లున్నాయి. పైన జోన్ పెల్కీ, డెబ్భై ఒక్క సెంట్లు. రాష్ట్రం ఖజానా లెక్కలు నాలుక చివర ఉండే ఆవిడ. అన్నిటికన్నా కింద వెర్లిన్ హాగెన్, మూడు సెంట్లు.

వెర్లిన్ హాగెన్ మిల్టన్ ఎదురింటాయన. పాడి రైతుల సహకార సంఘానికి పదిహేనేళ్ళు అధ్యక్షుడిగా చేసిన నెమ్మదస్థుడు. రైతుల సభలో ఎవరో ఆయన పేరు గవర్నరు పదవికి ప్రతిపాదిస్తే, అంతమందిలో కాదనడం బాగుండదని ఊరుకున్నాడు. అలా అభ్యర్థి అయ్యాడు. వసంతకాలం నుంచీ పాత ట్రక్కు వేసుకుని జిల్లాలన్నీ తిరిగాడు. ఇక చాలనుకుని, వచ్చే శనివారం అగ్నిమాపక దళం వాళ్ళు సాసేజీలు కాల్చే విందులో అందరి ముందూ తప్పుకుని పెల్కీకి మద్దతు చెప్పాలని నిశ్చయించుకున్నాడు. భార్య మార్లిస్ అప్పుడే సరస్సు ఒడ్డున కుటీరం అద్దెకు మాట్లాడి పెట్టెలు సర్దేసింది.

ఆ మూడు సెంట్లు చూసేసరికి మిల్టన్‌కు, తానే ఏదో తప్పు చేసినట్టు, సిగ్గేసింది. ఆష్‌బీ క్రీక్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చర్చి కోసమో బడి కోసమో లాటరీ టికెట్లు పట్టుకుని గడప దగ్గరికొస్తే కొనకుండా పంపరు. బహుమతిగా వచ్చే బొంత ఎవరికీ అక్కర్లేదు, అయినా కొంటారు. ఎదురింటాయన అడుగున పడి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఎలా? అంకెలు చూడ్డానికి ఎలాగూ ఖాతా తెరిచాడు కాబట్టి, అందులో వేసిన అరవై డాలర్లూ హాగెన్ మీద పెట్టి మీట నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. రెండుసార్లు నొక్కాడు, తిట్టాడు, కంప్యూటరు మూసేసి పోస్టాఫీసుకు వెళ్ళిపోయాడు.

గంట తర్వాత వచ్చి చూస్తే హాగెన్ ముప్ఫై నాలుగు సెంట్ల దగ్గర ఉన్నాడు.

మిల్టన్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తన పందెం పడనేలేదని అతని నమ్మకం. గంటలో ఇంత పెరుగుదల అంటే మాటలా? రాజధానిలో ఎవరో పెద్ద తలకాయకు లోపలి కబురు అంది ఉండాలి. అతను ఐదు వందల మాటలు అరగంటలో రాసి పారేశాడు. "ఎవరికో ఏదో తెలిసింది" అన్నది శీర్షిక కింద మొదటి వాక్యం.

బుధవారం పత్రిక వచ్చింది. మధ్యాహ్నానికి రాజధాని మాడిసన్‌లోని టీవీవాళ్ళు దాన్ని వార్తల్లో చదివారు. సాయంత్రానికి ఊరంతా చదివింది. గురువారం పొద్దున్న మిల్టన్ కంప్యూటరు తెరిస్తే మార్కెట్‌వాళ్ళ దగ్గర్నుంచి మర్యాదగా ఒక మెయిలు వచ్చి ఉంది. సోమవారం ఎనిమిదీ పదికి మీరు కొన్న నాలుగు వందల పన్నెండు హాగెన్ చీటీలు మీ ఖాతాలో భద్రంగా ఉన్నాయి, ధన్యవాదాలు అని.

ఎవరికీ పట్టని మార్కెట్ అది. అమ్మకానికి ఉన్న కాసిని చవక చీటీలనూ మిల్టన్ అరవై డాలర్లే ఊడ్చేశాయి. ఆ పెద్ద తలకాయ తనదే. మిల్టన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో ఎవరూ లేకపోయినా తలుపు వేసుకున్నాడు.

చేసిన తప్పు ఒప్పుకుందామని వెంటనే రోడ్డు దాటాడు. హాగెన్ వాకిట్లోనే ఎదురై, తోటలో కోసిన మొక్కజొన్న పొత్తుల సంచీ చేతిలో పెట్టాడు.

"నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను, మిల్టన్. మార్లిస్ చేత కూడా చదివించాను."

"దాని గురించే, వెర్లిన్..."

"నువ్వు నాకోసం రాయలేదని తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాశావు. అందుకే నాకు అంత బాగా అనిపించింది."

ఆ మాట తర్వాత నిజం చెప్పడానికి రాతి గుండె కావాలి. మిల్టన్‌కి అది లేదు. పన్నెండు పొత్తులతో వెనక్కి వచ్చాడు. శుక్రవారం చేపల వేపుడు తినడానికి ఊరంతా చేరే హోటల్లో చెప్పేద్దామనుకున్నాడు. అక్కడ బల్ల బల్లకీ జనం లేచి వచ్చి హాగెన్ చెయ్యి ఊపుతున్నారు. మేమూ ఓ ఇరవై డాలర్ల చీటీలు కొన్నాం, మేమూ కొన్నాం అని చెబుతున్నారు. చీటీ నలభై ఎనిమిదికి చేరింది. హాగెన్ లేచి, తన జీవితంలో మొదటిసారి, మిల్టన్ పేరు చెప్పి గ్లాసు ఎత్తాడు. మిల్టన్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని చేప ముల్లు తీసుకున్నాడు.

శనివారం సాసేజీల పొగలో హాగెన్ మైకు పుచ్చుకున్నాడు. తప్పుకుందామనే వచ్చాననీ, అయితే ఇంతమంది నమ్మకం పెట్టుకున్నాక తప్పుకోవడం మర్యాద కాదనీ, చివరిదాకా నిలబడతాననీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మార్లిస్ మాత్రం కొట్టలేదు. ఇంటికి వెళ్ళి పెట్టెల్లోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. ఆదివారానికి చీటీ అరవై ఒకటి అయింది.

మిల్టన్‌కు అప్పుడు ఒక్క ఊరట దొరికింది. మొదలుపెట్టింది తనే అయినా, తర్వాత కొన్నవాళ్ళు నిజంగా నమ్మే కదా కొన్నారు? అబద్ధంగా మొదలైనది నిజమైపోయిందేమో. ఆ ఆశతో భార్య ఆర్డిస్‌ను వంటింట్లో కదిపాడు. ఆవిడ గిన్నెలు తుడుస్తోంది.

"నువ్వూ కొన్నావా వెర్లిన్ మీద?"

"కొన్నాను. ఎదురింటివాళ్ళు. కొనకపోతే రేపు మార్లిస్ ముఖం ఎలా చూడను?"

"అయితే ఓటూ ఆయనకేనన్నమాట."

ఆర్డిస్ గుడ్డ పక్కన పెట్టి అతని వంక చూసింది. "ఓటు పెల్కీకి. ఎవరో ఒకరు రాష్ట్రం నడపాలి కదా, మిల్టన్."

"మరి అందరూ నీలాగే అనుకుంటే?"

"అందరూ ఎందుకనుకుంటారు? అరవై ఒక్క సెంట్లంటే బయట బోలెడు మంది వేస్తున్నట్టేగా. నువ్వే రాశావు."

మిల్టన్ ఆ రోజు అన్నం సయించక లేచిపోయాడు. ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఊరికి బయట ఎవరో నమ్ముతున్నారని నమ్ముతూ, మొహమాటానికి ఇరవై డాలర్లు పెట్టి ఆ నమ్మకాన్ని పెంచుతున్నారు. తను మంగలి షాపులో కూర్చున్నప్పుడు కనీసం మనుషుల ముఖాలైనా కనిపించేవి.

తర్వాతి రెండు వారాల్లో అతను మూడుసార్లు రోడ్డు దాటాడు. ఒకసారి హాగెన్ గవర్నరుగా మొదటి రోజు ఏం చెయ్యాలో పచ్చ కాగితం మీద రాసుకుంటున్నాడు. ఒకసారి మెడ కొలతకు సరిపోయే కొత్త చొక్కా వేసుకుని చూసుకుంటున్నాడు. మూడోసారి తలుపు తీసినది మార్లిస్. ఆవిడ మిల్టన్‌ను కిందినుంచి పైదాకా చూసి, "నీకు కూడా కడుపులో బాగాలేదా?" అని అడిగి, సోడా ఇచ్చి పంపింది. 'కూడా' అని ఎందుకన్నదో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

పోలింగు నాడు ప్రాయశ్చిత్తంగా తన ఓటైనా హాగెన్‌కే వేస్తానని ఒట్టు పెట్టుకుని మిల్టన్ ఫైర్ స్టేషన్ హాల్లోకి వెళ్ళాడు. బ్యాలెట్టు ముందు నిలబడ్డాడు. ఖజానా, రోడ్లు, బడులు అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. తన ఒక్క ఓటుతో ఏమవుతుందిలే, మిగతావాళ్ళు వేస్తారులే అనుకున్నాడు. చెయ్యి పోయి పోయి పెల్కీ పేరు పక్కనున్న గడినే నల్లగా దిద్దింది. బయటికొస్తూ, ఎదురుపడిన మంగలి కళ్ళలోకి చూడలేకపోయాడు. మంగలి కూడా ఇతని కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు ఫలితం వచ్చింది. పెల్కీ సునాయాసంగా గెలిచింది. హాగెన్ రాష్ట్రం మొత్తం మీద ఐదో స్థానం. అదైనా ఓర్చుకోవచ్చు. కానీ ఏ పోలింగు కేంద్రంలో ఎన్ని ఓట్లు వచ్చాయో ప్రతిసారీ వేయడం పత్రికకు ఆనవాయితీ. ఆష్‌బీ క్రీక్ కేంద్రంలో పోలైన ఓట్లు ఆరు వందల నలభై. అందులో హాగెన్‌కు తొమ్మిది.

ఆ తొమ్మిదిని మిల్టన్ తన చేతులతోనే పేజీలో పెట్టాడు. పత్రిక వచ్చిన రోజంతా హాగెన్ ఇంటికి జనం ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి, ఆ తొమ్మిదిలో ఒకటి తమదేనని చెప్పి, తలలు దించుకుని వచ్చేశారు. కిటికీ పక్కన కూర్చుని మిల్టన్ లెక్కపెట్టాడు. సాయంత్రం ఐదయ్యేసరికి ఆ తొమ్మిది ఓట్లూ వేసినవాళ్ళు నూట నలభై మంది అయ్యారు.

ఇక దాచుకోలేక రోడ్డు దాటాడు. హాగెన్ వరండాలో బూట్లకు రంగు వేసుకుంటున్నాడు. మిల్టన్ నిలబడే అంతా చెప్పేశాడు. అరవై డాలర్లూ, బిగుసుకున్న తెరా, మెయిలూ, మూడు వారాలు నోరు కుట్టేసుకున్న సంగతీ. చివర్న ఇంకొకటి కూడా చెప్పాడు.

"నీకు ఓటు కూడా వెయ్యలేదు, వెర్లిన్."

హాగెన్ బూటు మడమ దాకా రంగు పూర్తి చేశాడు. "ఆ వారం బాగుంది, మిల్టన్," అన్నాడు చివరికి. "పొద్దున్నే లేచి, నిజంగానే నేను ఆ పనికి పనికొస్తానేమో అనిపించిన వారం. దానికి నిన్నేం తిట్టను?"

మిల్టన్‌కు తిడితేనే నయమనిపించింది.

"పైగా నేనూ నాకు వేసుకోలేదు," అన్నాడు హాగెన్, గొంతు తగ్గించి.

"అదేమిటి?"

"ఎవడి పేరు పక్కన వాడే దిద్దుకుంటే ఏం మర్యాద? ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను."

జాలీ తలుపు తోసుకుని మార్లిస్ బయటికి వచ్చింది. మొదటినుంచీ విన్నట్టుంది.

"నేను వేశాను," అంది. "ఓటు మొగుడికి వేశాను. పందెం మాత్రం ఓడిపోతాడని కాశాను."

ఇద్దరు మగవాళ్ళూ ఆవిడ వంక చూశారు. మార్లిస్ ముఖం ఎర్రబడింది గానీ మాట ఆగలేదు.

"ఊరంతా కొంటుంటే అమ్మేవాళ్ళు ఒకరు ఉండాలి కదా. ఈయన గెలిస్తే చీటీకి డాలరు చొప్పున నేనివ్వాలి, ఓడితే వాళ్ళు కట్టిన డబ్బు నాది. ఎవరమ్ముతున్నారని నీ పత్రికలో ఒక్క ముక్క రాశావా, మిల్టన్? నలభై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో లాటరీ టికెట్లు అమ్ముతున్నాను. కొన్నవాళ్ళలో ఎంతమంది బొంత కోసం వచ్చారో నాకు తెలీదా? అయినా కట్టుకున్నవాడి మీద పందెం కాసి, మూడు వారాలు నాకు ముద్ద దిగలేదు."

ఆ 'కూడా' ఎక్కణ్ణించి వచ్చిందో మిల్టన్‌కు అప్పుడు తెలిసింది. హాగెన్ భార్యను చూశాడు, బూటు కింద పెట్టాడు, నవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళలో మిల్టన్ ఆయన అంత గట్టిగా నవ్వడం వినలేదు. మార్లిస్ మాత్రం నవ్వలేదు. ఆ డబ్బు ఇంట్లో ఉంచుకుంటే తనకు నిద్ర పట్టదని, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ళకే తిరిగి పెట్టేస్తానని, వచ్చే శుక్రవారం హాగెన్‌కు అండగా నిలిచినవాళ్ళందరికీ ఫైర్ స్టేషన్ హాల్లో చేపల విందు అని పత్రికలో వెయ్యమంది. ఎంతమందికి వండాలో కూడా మిల్టన్‌నే అడిగింది.

మిల్టన్‌కు బుద్ధి వచ్చింది. ఇక మార్కెట్ ముఖం చూడనని, ఓట్ల లెక్కే నమ్ముతానని గట్టిగా అనుకున్నాడు. తొమ్మిది ఓట్ల ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని వస్తారు? సిగ్గుతో ఎవరూ గడప దాటరని, ముప్ఫై మందికి వండితే మిగులుతుందని చెప్పాడు. మార్లిస్ విని, సరేనని, తన దగ్గర చీటీలు కొన్నవాళ్ళు ఓ రెండు వందల మంది ఉంటారని వేసుకుని రెండు వందల మందికి చేపలు చెప్పింది.

శుక్రవారం సాయంత్రం హాలు నిండిపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, హాగెన్ చెయ్యి మాత్రం ఊపి, వరసలో నిలబడి, పళ్ళేలు నింపుకున్నారు. మంగలి రెండుసార్లు వచ్చాడు. మిల్టన్ మూల బల్ల దగ్గర కూర్చుని, తన అరవై డాలర్లలో ఈ ముక్క ఎన్ని సెంట్లో అనుకుంటూ తిన్నాడు. ఎదురుగా హాగెన్ వచ్చి కూర్చుని, తన పళ్ళెంలోంచి నిమ్మబద్ద తీసి అతని పళ్ళెంలో పెట్టాడు.

మార్లిస్ పళ్ళేలు లెక్క పెడితే రెండు వందల పదమూడు తేలాయి. పైన వచ్చిన ఆ పదమూడు మందీ అసలీ ప్రైమరీయే తమది కాని అవతలి పార్టీవాళ్ళట.