ఎల్లస్వామి రిటైర్మెంటు, చందర్ గిటారు

హలో, అందరూ లైన్‌లో ఉన్నారా? టీ తాగుతూనే వినండి. ఇది రెండువేల నాలుగు నాటి కథ, మణుగూరు బొగ్గుగని కాలనీది.

ఆ నెలాఖరు పొద్దున ఫిట్టర్ చందర్‌కు ఒకటే ధ్యాస. గని కార్మికుడు ఎల్లస్వామి రిటైర్మెంటు ఫంక్షన్‌లో గిటార్ వాయించి, క్లబ్బు ఆర్కెస్ట్రాలో చోటు సంపాదించాలి.

అది ఇరవై ఏళ్ల నాటి జపాన్ గిటార్. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. తీగ మీటితే మోగేది గిటార్ కాదు, లావుపాటి వైరుతో దానికి తగిలించిన సింథసైజర్ పెట్టె. ఫిడేలు, సన్నాయి ఏదైనా పలుకుతుందని అమ్మినవాడు చెప్పాడు. ఏడాదిగా ఏదీ పలకలేదు.

"ఇయ్యాల గూడ మోగకపోతే ఇనప సామానోనికి ఏస్త," అంది భార్య రోజారాణి.

"మోగుతది తియ్యవే."

ఫంక్షన్ హాల్లో మోగలేదు. చందర్ సౌండు పెంచే మరలన్నీ చివరిదాకా తిప్పి, పెట్టెకున్న పెడల్ తొక్కి, గిటార్‌ను కుర్చీకి ఆనించి, ఫ్యూజు చూడటానికి హాలు వెనక్కి పోయాడు. ఇంతలో ఎల్లస్వామి భార్య బతుకమ్మ, బహుమతిగా వచ్చిన గ్రైండర్ ఎక్కడ దించాలో తెలియక పెడల్ మీద దించింది. దాని అట్టపెట్టె అంచు గిటార్ లావు తీగకు తగిలింది. ఏడాదిగా కాలికి లొంగని పెడల్ గ్రైండర్ బరువుకు లొంగింది. సింథసైజర్ అచ్చం గని సైరన్‌లా హెచ్చుతూ తగ్గుతూ ఊళ పెట్టింది. ఆగలేదు.

వేళకాని వేళ సైరన్ అంటే గనిలో ప్రమాదమే. మోత ఎటు నుంచో చూడకుండానే హాలంతా లేచి గని వైపు పరుగెత్తింది. అందరికంటే ముందు చందర్. అతని తమ్ముడు గని లోపల డ్యూటీలో ఉన్నాడు.

గని దగ్గర ఎల్లస్వామి మెడలో దండతోనే, గనిలో దిగేటప్పుడు టోపీకి పెట్టుకునే క్యాప్‌ల్యాంప్ అడిగాడు.

"అన్నా, నువ్వు రిటైరైనవ్‌గదనే," అన్నాడు దీపాలిచ్చేవాడు.

"సాయంత్రం దాక డ్యూటీలనే ఉన్న. దీపం ఇయ్యి."

సైరన్ చూసే లచ్చయ్య చేతులెత్తేశాడు. "నేను ముట్టనే లేదు. పొద్దుగాల సైరన్ మోటరు కాలింది. ఎవరో బాగుచేసిండ్రని నేనే కుషీ అయితున్న."

చెవులు రిక్కిస్తే మోత కాలనీ వైపు నుంచి వస్తోంది. "అయితే మన ఇండ్లకే ఏదో అయింది," అన్నాడు ఎల్లస్వామి. అందరూ వెనక్కి పరుగెత్తారు. ఏడుస్తూ ఎదురొస్తున్న ఆడవాళ్లూ ఇళ్లల్లో గ్యాస్ లీకైందేమోనని వెనక్కి తిరిగారు.

హాల్లో రోజారాణి ఒక్కతే ఉంది, చేతిలో పీకిన ప్లగ్గుతో.

"మోగింది. సంతోషమేనా?"

చందర్ గ్రైండర్ వైపు చూశాడు. ఏడాది ఎదురుచూసిన మోత. వాయించింది మాత్రం తను కాదు.

"ఆర్కెస్ట్రా మాట మర్సిపో," అన్నాడు క్లబ్బు సెక్రటరీ. అప్పుడే చెమటలు కక్కుతూ మేనేజర్ వచ్చాడు.

"ఎంత దూరం వినపడింది?"

"అడవి అవతలి గూడెం దాక, సార్," చందర్ తల దించుకున్నాడు.

"కొత్త మోటరుకు నెల పడుతుంది. రేపటి నుంచి సైరన్‌కు బదులు దీన్ని టైమాఫీసులో పెట్టు."

అలా చందర్‌కు షిఫ్టుకొకటి చొప్పున రోజుకు మూడు కచేరీలు దొరికాయి. తీగ ఒకటే, స్వరం ఒకటే. వినగానే జనమంతా లేచి పనికి పోతారు.

మీకు తెలిసినవాళ్లు గిటార్ నేర్చుకుంటుంటే ఈ కథ పంపండి. ఎవరికి ఏ డ్యూటీ రాసుందో చెప్పలేం.