మైకులో గుణగణాలు

ఆ ఉదయం డిస్పాచ్ గుమాస్తా అందరికంటే ముందే టైల్స్ గోడౌనుకు వచ్చాడు. పనిమీద ప్రేమతో కాదు, అలాంటి అపవాదు ఆయనమీద ఎన్నడూ లేదు. మధ్యాహ్నం సూపర్‌వైజర్ పోస్టుకు ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లీషులో. ఆ పోస్టు తనకు రాకపోతే, తన తర్వాత చేరిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌కు దక్కుతుంది. రేపట్నుంచి అతనికి నమస్కారం పెట్టాలి. ఆ ఊహకే గుమాస్తాకు తిండి సహించడం లేదు.

ఇంగ్లీషు సంగతి చూసే బాధ్యత బావమరిది తీసుకున్నాడు. అతను స్పోకెన్ ఇంగ్లీష్ ట్యూషన్లు చెబుతాడు. ఇంగ్లీషు రానివాళ్ల ముందు అతని ఇంగ్లీషు అనర్గళం.

"బావా, మనుషుల స్వభావం గురించి ఇంగ్లీషువాళ్ల పలుకుబళ్లు నాలుగు వదులు, మేనేజరు పడిపోతాడు. ఒక్కో మాటకీ నీకు తెలిసిన ఒక్కో మనిషిని తగిలించుకో. జన్మలో మర్చిపోవు," అన్నాడు.

ఎదుటివాళ్లకు వంకలు పెట్టడం గుమాస్తాకు వెన్నతో పెట్టిన విద్య. ఆఫీసులో ఎవరెవరికి ఏ మాట అతుకుతుందో రాత్రే తేల్చేసుకున్నాడు. పొద్దున్నే తన గాజు గదిలో కూర్చుని, తలుపు వేసి, ఫ్యాను పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాడు. పేర్లు మాత్రం పలకలేదు. ఆయన తెలివితేటలన్నీ ఆ ఒక్క జాగ్రత్తతోనే అయిపోయాయి.

బల్లమీద లారీలను పిలిచే మైకు ఉంది. దాని మీట నొక్కి పట్టుకుంటేనే మాట బయటికి పోతుంది. బొటనవేలు నొప్పెడుతోందని గుమాస్తా ముందురోజు ఆ సందులో అగ్గిపుల్ల దూర్చి, తీయడం మర్చిపోయాడు. రోజూ ఆయన వచ్చేసరికే వాచ్‌మన్ స్పీకర్ల స్విచ్చి వేసేవాడు. ఆ రోజు ఆయన పాఠం మధ్యలో వేశాడు. స్పీకర్లన్నీ బయట ఉన్నాయి, గదిలోకి ఏమీ వినబడదు.

"పేపర్ టైగర్," అంది గోడౌను. "చూడ్డానికి పులి, పట్టుకుంటే కాగితం. హెడ్డాఫీసు ఫోనొస్తే లేచి నిలబడతాడు."

లోడర్లు పెట్టెలు కిందపెట్టారు. తర్వాత వచ్చింది వెట్ బ్లాంకెట్. తడి దుప్పటి, వచ్చి కూర్చుంటే చాలు, నలుగురి నవ్వూ ఆరిపోతుంది. అందరూ విరగబడి నవ్వుతుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఎవరి గురించి అని అడిగాడు. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత బిగ్ మౌత్. నోట్లో నువ్వుగింజ నానని మనిషట. అప్పటికే అకౌంటెంటు జరుగుతున్నదంతా రెండు బ్రాంచీలకు ఫోన్లో చెప్పేసి, ఆ మనిషెవరో కనుక్కుని మళ్లీ చేస్తానని మాటిచ్చింది. చివరికి ఒంట్లో ప్రతి ఎముకా బద్ధకమే అయిన లేజీబోన్స్ వచ్చేసరికి లోడర్లకు రోషం పొడుచుకొచ్చింది. రోషం చూపించడానికి వాళ్లు కూర్చున్నారు.

పిలిచే దిక్కులేక లారీలు గేటు దగ్గర హారన్లు మోగించాయి. సరుకు ఎందుకు కదల్లేదని హెడ్డాఫీసు నుంచి మేనేజరుకు ఫోనొచ్చింది. ఆయన లేచి నిలబడి మాట్లాడాడు. మేడమీద అద్దాల గదిలో నిలబడ్డ ఆయన్ను కింద అందరూ తలెత్తి చూశారు.

గుమాస్తా బయటికొచ్చి, తనవైపు తిరిగిన ముఖాలు చూసి, శుభాకాంక్షలనుకుని హుందాగా తలూపాడు. మేనేజరు పైకి పిలిపించాడు. అక్కడ ఇన్‌స్పెక్టరూ అకౌంటెంటూ కూడా ఉన్నారు.

"ఆ కాగితప్పులి ఎవరు?"

గుమాస్తాకు సంగతి అర్థమైంది. "నేనే సార్."

"తడి దుప్పటి?"

"అదీ నేనే. నోరాగనిదీ, బద్ధకమూ అన్నీ నేనే సార్. ఇంటర్వ్యూలో నా గురించి నేను చెప్పుకోవాలి కదా, అందుకే ప్రాక్టీసు."

నిజానికి ముగ్గురికీ నిజం తెలుసు. కానీ ఇంత చవకగా పరువు తిరిగొస్తుంటే వద్దనేంత వెర్రివాళ్లు అక్కడెవరూ లేరు. ఆ ముక్కే మైకులో చెప్పండి, లోడర్లు లేవడం లేదు అన్నాడు మేనేజరు.

గుమాస్తా చెప్పాడు. ఒక్కో మాటా, దాని అర్థం, చివర "అది నేనే" అని. ఆయన మీద కాస్త జాలిపడదామనుకున్నా, ఆ అగ్గిపుల్ల గుర్తొచ్చి మనసొప్పదు. లోడర్లు తృప్తిగా లేచి పెట్టెలు ఎత్తారు.

ఇంటర్వ్యూ జరగలేదు.

"పిరికివాణ్ని, బద్ధకస్తుణ్ని అని ఊరందరి ముందూ మీరే ఒప్పుకున్నారు," అన్నాడు మేనేజరు. "ఇక పోస్టు ఎలా ఇవ్వమంటారు?"

మర్నాడు గుమాస్తా కొత్త సూపర్‌వైజర్ ఇన్‌స్పెక్టర్‌కు నమస్కారం పెట్టాడు. ఇంటికెళ్లాక బావమరిది ఒకటే అడిగాడు, నేర్పినవాటిలో ఏదైనా మర్చిపోయావా అని.

అతని పద్ధతిలో లోపం లేదు. ఆ నాలుగు మాటలూ, తగిలించిన మనిషినీ గోడౌనులో ఇంతవరకు ఎవరూ మర్చిపోలేదు.